లేఅవుట్ రోడ్డుకి కంచె పడిందా? ముందు సర్వే నంబరు మీద ఈసీ తీయండి

నిన్నటిదాకా కారు పోయిన రోడ్డు మీద పొద్దున్నే కడీలు పాతి ఉంటాయి. వాదన అయిపోతుంది, పోలీస్ స్టేషన్‌కి వెళ్లి రావడమూ అయిపోతుంది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది తమ దస్తావేజులో షెడ్యూల్ పేజీ ఒక్కసారైనా తెరిచి ఉండరు. దయచేసి ముందు అది చదవండి. నాలుగు హద్దుల్లో ఎటువైపు ‘30 అడుగుల రోడ్డు’ అని రాశారో, వెనక జతచేసిన ప్లానులోనూ అదే ఉందో చూడండి. తర్వాత టేపు పట్టి కొలవండి.

రోడ్డు ఉంది, ఇరుకైంది

30 అడుగులు 22 అయిందంటే దాదాపు ఎప్పుడూ ర్యాంపులో, మెట్లో, ముందుకు జరిపిన ప్రహరీనో కారణం. కొలతలు, ఫొటోలు, ఆమోదిత లేఅవుట్ కాపీ జతచేసి మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపలైతే ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకి కూడా ఇవ్వవచ్చు.

ప్లానులో రోడ్డు మెయిన్ రోడ్డుకి కలుస్తుంది, నేల మీద పొలం గట్టు దగ్గర ఆగిపోయింది

ఆ పొలం సర్వే నంబరు వేరేదై ఉంటుంది. వెంచర్ వేసినతను ఆ ముక్క కొనకుండానే ప్లానులో గీత గీశాడు. ఆ గీతతో పక్క రైతు భూమి మీద మీకు హక్కు రాదు, ఆయనతో గొడవ పెట్టుకోకండి. దారి కొనుక్కుని రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ ఖర్చు అడగాల్సింది వెంచర్ వేసినతన్ని.

“ఇది నా పట్టా భూమి” అంటూ కొత్త మనిషి కంచె వేశాడు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకాయన ప్లాటుకి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, ఎక్కడా మచ్చ లేదని ధైర్యం చెప్పాను. కొన్ని నెలలకే ఆయన ఇంటి ముందు రోడ్డుకి కంచె పడింది. ఈసీ అబద్ధం చెప్పలేదు. నేను చూడాల్సిన చోట చూడలేదు.

జరిగేది ఇదీ. 5 ఎకరాల్లో లేఅవుట్ వేశారనుకోండి, మొత్తం 24,200 గజాలు. ప్లాట్లుగా అమ్మింది 14,520 గజాలు, అంటే 3 ఎకరాలు. రోడ్లకీ పార్కుకీ వదిలిన 2 ఎకరాలను గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకి అప్పగించాలి. పాత పంచాయతీ వెంచర్లలో చాలాచోట్ల ఆ పని జరగలేదు. రెవెన్యూ రికార్డులో ఆ 80 గుంటలు పాత పట్టాదారు పేరు మీదే ఉండిపోయాయి. కొన్నిచోట్ల 5 ఎకరాలకి 5 ఎకరాలూ అలాగే ఉన్నాయి. ఆ పట్టాదారు పోయాక వారసులు విరాసత్ (వారసత్వంగా పేరు మార్పిడి) చేయించుకుని, గుంటల లెక్కన వ్యవసాయ భూమిగా అమ్మేస్తారు.

తెలంగాణలో 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులో జరుగుతోంది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినా అది మారలేదు. మీరు ప్లాటు నంబరుతో సబ్ రిజిస్ట్రార్ ఈసీ తీస్తే ఆ అమ్మకం అందులో కనపడదు. అందుకే సర్వే నంబరుతో ఒక ఈసీ తీయండి, అదే సర్వే నంబరుని భూభారతిలోనూ వెతకండి. రోడ్డు విస్తీర్ణం ఇంకా ఎవరి పేరున నడుస్తోందో అక్కడ తేలుతుంది.

గిఫ్ట్ డీడ్ దొరికితే సగం టెన్షన్ తీరినట్టే. సర్టిఫైడ్ కాపీతో మున్సిపల్ కమిషనర్‌కీ తహసీల్దారుకీ అర్జీ పెట్టి, ఆ విస్తీర్ణాన్ని పట్టా నుంచి తీసేయమని, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో చేర్చమని అడగండి. డీడ్ లేకపోతే సివిల్ కోర్టే దారి. రోడ్డు హద్దుగా చూపి ప్లాటు అమ్మిన మనిషి, అతని వారసులు, తర్వాత కొన్నవాళ్లు, అందరినీ ప్రతివాదులుగా చేర్చి డిక్లరేషన్ (మీ హక్కును కోర్టు ప్రకటించడం), ఇంజంక్షన్ (అడ్డుపెట్టకుండా కోర్టు ఆదేశం) అడగాలి. ఒక్కరే వెళ్లకండి, ప్లాటు ఓనర్లంతా కలవండి. హద్దుగా అదే రోడ్డు రాసి ఉన్న దస్తావేజులు ఎన్ని పెడితే కేసు అంత గట్టిగా నిలబడుతుంది. తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ మొదటి రోజే వేయించండి. కంచె లోపల గోడ లేచాక పని చాలా కష్టమవుతుంది.

మిగతావి

20 ఏళ్లుగా నడిచిన బాట, వేరే దారే లేని ప్లాటు లాంటివి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (వేరేవాళ్ల భూమి మీద దారి లాంటి హక్కుల చట్టం) కిందకి వస్తాయి. లేఅవుట్ ప్లాట్లలో వాటి అవసరం అరుదు. పై కాగితాలేవీ దొరకనప్పుడే లాయరుతో ఆ మాట ఎత్తండి.