విడాకుల పిటిషన్ వేసే ముందు సర్దుకోవాల్సిన కాగితాలు

ఫ్యామిలీ కోర్టు ఫైలింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. నా బల్ల మీదికొచ్చిన పిటిషన్లలో చాలావాటిలో బాధ పేజీలకు పేజీలు ఉండేది, తేదీలు ఉండేవి కావు. ‘పెళ్ళయిన దగ్గర్నుంచీ హింసించాడు’ అన్న ఒక్క మాట మీద కేసు నిలబడదమ్మా. ఫలానా సంక్రాంతికి పుట్టింట్లో దింపి వెళ్ళాడు, ఫలానా రోజు ఆస్పత్రిలో చూపించుకున్నాను, ఇదిగో చీటీ అంటే అది నిలబడుతుంది. అందుకే లాయరు దగ్గరికి వెళ్ళకముందే ఒక నోటుపుస్తకంలో పెళ్ళినాటి నుంచి జరిగినవన్నీ వరసగా రాసుకోండి. తేదీ గుర్తు రాకపోతే పండగో, పిల్లాడి పుట్టినరోజో ఆనవాలుగా రాయండి.

నేను చెప్పేది హిందూ వివాహ చట్టం కింద వేసే కేసుల గురించి. క్రైస్తవులకు, ముస్లింలకు, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్ళి చేసుకున్నవారికి చట్టాలు వేరు.

శుభలేఖ, ఇద్దరూ కనిపించే పెళ్ళి ఫొటో, ఆధార్ కాపీలు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఒక ఫైల్లో పెట్టుకోండి. పెళ్ళి రిజిస్టర్ కాలేదని బెంగపడొద్దు. ఫొటోలు, పెళ్ళి చూసిన సాక్షులు ఉంటే రుజువు చేసుకోవచ్చు. పేర్లు మాత్రం సరిచూసుకోండి. శుభలేఖలో ‘చి.ల.సౌ. లక్ష్మి’, ఆధార్‌లో ‘నాగలక్ష్మి’, ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, మరోచోట అత్తింటిది. ఇలాంటివాటికి ఆబ్జెక్షన్ రాసి ఎన్నో పిటిషన్లు వెనక్కి పంపాం. మొదటే ‘అలియాస్’ అని రెండు పేర్లూ రాయిస్తే సరిపోతుంది.

బంగారానికి విడిగా జాబితా రాయండి: ఏ నగ, ఎన్ని కాసులు, ఎవరు పెట్టారు, బిల్లుందా, ఇప్పుడెవరి దగ్గరుంది. బిల్లు లేకపోయినా పెళ్ళి ఫొటోలో మెడలో కనిపిస్తున్న హారం మీకు ఆధారమే. అత్తగారి బీరువాలో ఉన్నంత మాత్రాన స్త్రీధనం వాళ్ళది అయిపోదని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వాట్సాప్ మెసేజులు ప్రింటు తీసి ఇస్తే చాలదు. సాక్ష్యాల కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, అవి ఏ ఫోనులోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. అసలు మెసేజులున్న ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి.

పెద్దమనుషులు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించిన విడాకులు చెల్లుతాయనుకుని రెండో పెళ్ళికి సిద్ధపడేవాళ్ళను చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. అది లేనప్పుడు విడాకులిస్తూ కోర్టు ఇచ్చే డిక్రీ తప్ప మరే కాగితమూ పనికిరాదు.

పెళ్ళయిన ఏడాదిలోపు మామూలుగా పిటిషన్ తీసుకోరు. భరించలేని కష్టముంటే ప్రత్యేకంగా అనుమతి అడగాలి. పెళ్ళి జరిగిన చోట, చివరిగా కలిసున్న చోట, అవతలివారు ఉంటున్న చోట వేయొచ్చు. భార్య వేస్తే తానుంటున్న చోటా వేయొచ్చు. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్ళో సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్ళాలి.

ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టంలోని 13బి సెక్షన్ కింద వేస్తారు. దానికి ఏడాది విడిగా ఉండాలి. మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలి. తగిన పరిస్థితి ఉంటే ఆ ఆరు నెలల్ని కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు తీర్పుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకని డబ్బంతా మొదటి రోజే ఇచ్చేయొద్దు, ‘తర్వాత ఇస్తాలే’ అన్న నోటిమాట మీద సంతకమూ పెట్టొద్దు. ఎంత, ఏ రోజు, డీడీ రూపంలో జడ్జిగారి ముందు ఇవ్వాలో రాజీ పత్రంలోనే రాయించండి. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో, రెండోవాళ్ళు ఏయే రోజుల్లో చూడొచ్చో కూడా అందులోనే ఉండాలి.

ఒప్పుకోకపోతే క్రూరత్వం, రెండేళ్ళు వదిలేసి ఉండటం లాంటి కారణం చూపించి వేయాలి. కేసుకు నంబరు వచ్చాక బత్తా, అంటే సమన్లు పంపడానికయ్యే ఫీజు, కడితే అవతలివారికి సమన్లు వెళ్తాయి. కేసులు ఎక్కువగా నానేది ఇక్కడే. ‘ఇంటికి తాళం’, ‘ఈ చిరునామాలో లేరు’ అని సమన్లు తిరిగొస్తే మళ్ళీ వాయిదా, మళ్ళీ బత్తా. డోర్ నంబరు, గుర్తుగా గుడో బడో, పిన్‌కోడ్, ఆఫీసు చిరునామా ముందే సంపాదించండి. ఆయన అమెరికాలో ఉంటే అక్కడి చిరునామాతో పాటు ఈమెయిల్ కూడా ఇవ్వండి.

భరణం పిటిషన్ వెంటనే వేయండి. 2020 నాటి సుప్రీంకోర్టు రజ్నేష్–నేహా తీర్పు ప్రకారం దరఖాస్తు వేసిన తేదీ నుంచే భరణం లెక్కగడతారు. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి కాబట్టి ఆయన జీతం స్లిప్పు, పొలం పాసుపుస్తకం కాపీ లాంటివి మీ చేతికి సహజంగా అందుబాటులో ఉన్నప్పుడే తీసి పెట్టుకోండి.

లాయరు ఫీజుకు డబ్బులేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవా సంస్థ ఆఫీసుకు వెళ్ళండి. ఇంట్లో కొడుతుంటే పిటిషన్ సంగతి తర్వాత, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు ఒకేసారి తీసుకోండి, పాస్‌పోర్టు దగ్గర, బ్యాంకు దగ్గర అడుగుతారు. నామినీ పేర్లు మార్చండి. అప్పీలు గడువు దాటిందో లేదో లాయర్ని అడిగాకే మళ్ళీ పెళ్ళి మాట ఎత్తండి.