మిరుగం ముందు రాత్రి వేట: లంగరు తాడు ముక్కుకే కట్టండి

మిరుగం కార్తె జూన్ 7నో 8నో వస్తుంది. ఆ రోజు చేపల కూర వండని ఇల్లు మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో తక్కువ. అందుకే ముందటి రెండు మూడు రాత్రులు దిగువ మానేరు, మిడ్‌మానేరు, ఎల్లంపల్లి, కడెం, పోచంపాడు నీళ్ల మీద మిగతా ఏడాదంతా లేనన్ని లైట్లు కనిపిస్తాయి. మత్స్యకారుల సొసైటీలో పుట్టి పెరిగినవాళ్లతో పాటు ఏడాదికోసారి పడవ ఎక్కేవాళ్లూ వస్తారు. గాలిదుమారాలు లేచేదీ ఆ రాత్రుల్లోనే. "తెప్ప బోల్తా, ఒకరి గల్లంతు" అని పేపర్ జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త ప్రతి ఎండాకాలం చివర పడుతూనే ఉంది. కారణం "ఈదురుగాలి" అని రాస్తారు. తాడు ఎక్కడ కట్టి ఉందో ఎవరూ రాయరు.

ఈత రావాలి, మబ్బు పట్టితే పోవద్దు, పడవకు చిల్లు ఉందేమో చూసుకోవాలి అన్నవి అందరికీ తెలుసు. వాటిని వదిలేసి మనుషులను ముంచే అసలు తప్పు దగ్గరికి వద్దాం: లంగరు తాడును పడవ వెనక కట్టడం.

ఎందుకు కడతారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తెడ్డు వేసేవాడు వెనక కూర్చుంటాడు. మోటారూ అక్కడే, చేపల డబ్బా, అన్నం టిఫినూ అక్కడే. చీకట్లో పన్నెండు పద్నాలుగు అడుగుల పడవలో ముందుకు పాకి పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. కూర్చున్న చోటి నుంచే రాయి జారవిడిచి, చేతికి అందిన కొక్కేనికో అడ్డ చెక్కకో రెండు చుట్లు చుట్టేస్తారు. "ఏమైతది, పొద్దుగాల దాకా ఈడ్నే గదా" అంటారు. గాలి లేనంతసేపు నిజంగానే ఏమీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పది రాత్రులు ఏమీ కాకపోయేసరికి అదే పద్ధతి అనుకుంటారు.

గాలి లేచాక జరిగేది ఇది. పడవ ముక్కు సన్నగా, ఎత్తుగా ఉంటుంది. అల వస్తే చీలుస్తుంది, దాంతో పాటు లేస్తుంది. వెనక భాగం వెడల్పు, చదును, అన్నిటికంటే ఎత్తు తక్కువ. దాని మీద మనిషి బరువు, మోటారు బరువు. తాడు వెనక ఉంటే గాలి పడవను తిప్పి ఆ పొట్టి భాగాన్నే అలకు ఎదురు పెడుతుంది. తాడు బిగుసుకుని వెనక భాగాన్ని లేవనివ్వదు, కిందికి గుంజుతుంది. మొదటి అల అంచు దాటి లోపల పడుతుంది. నాలుగడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు ఉన్న పడవలో అడుగున అంగుళం నీళ్లు నిలిస్తే సుమారు వంద కిలోలు. ఆ బరువు ఒక్కచోట ఆగదు, పడవ ఎటు ఒరిగితే అటే ఉరుకుతుంది. రెండో అలకు వెనక భాగం ఇంకా దిగుతుంది. మూడో అల దాకా ఆగే పడవలు తక్కువ.

పక్కకు కట్టినా ఇదే కథ, ఇంకా తొందరగా. గాలాలు వేసేవాళ్లు పడవ కదలొద్దని ముందొక లంగరు, వెనకొక లంగరు వేసి అడ్డంగా నిలబెడతారు. పగలు, గాలి లేనప్పుడు, చూస్తూ కూర్చుంటే సరే. రాత్రికి వెనక లంగరు ఎత్తేయాలి. గాలి దిక్కు మారినప్పుడు పడవ తనంతట తాను తిరిగి ముక్కు ఎదురు పెట్టుకోవాలంటే ఒకే తాడు ఉండాలి, అది ముక్కుకే ఉండాలి.

ముందుకు పాకే బాధ లేకుండా చేసుకునే ఉపాయం ఉంది. ముక్కు దగ్గర మూసి ఉన్న ఇనుప రింగు బోల్టుతో బిగించండి. లోపలి వైపు పెద్ద వాచరు, నట్టు ఉండాలి. మేకుతో కొట్టిన కొక్కెం మొదటి ఊపుకే ఊడుతుంది. లంగరు వేసేముందే తాడు కొసను ఆ రింగులోంచి పోనిచ్చి, పడవ పొడవునా వెనక్కి తెచ్చి, కూర్చున్న చోట ఒక్క లాగుతో విడిపోయే ముడి వేయండి. బరువు ముక్కు మీద పడుతుంది, ముడి మీ చేతిలో ఉంటుంది. వదలాలన్నా, ఇంకా తాడు ఇవ్వాలన్నా లేవక్కర్లేదు. రింగుకూ బోల్టులకూ పెట్టే ఖర్చు ఒక కిలో కొర్రమట్ట ధర కంటే తక్కువే.

థర్మాకోల్ తెప్పకు ముక్కేది అంటారు. ఒక కొసను ముక్కు అనుకుని రంగు పూసి ఉంచండి. ఆ కొసలోని రెండు మూలలకు చెరో తాడు కట్టి, రెండింటినీ నాలుగైదు అడుగుల ముందు కలపండి. లంగరు తాడు ఆ కలిసిన చోట. ఒక్క మూలకు కడితే తెప్ప అడ్డం తిరుగుతుంది, ఆ మూల మునుగుతుంది. మనిషి కూర్చోవాల్సింది నడుమ, రంగు పూయని కొసకు కొంచెం దగ్గరగా. కొసలో కాదు.

తాడు పొడవు

20 అడుగుల లోతులో 25 అడుగుల తాడుతో నిలబడ్డ పడవ లంగరు మీద నిలబడినట్టు కాదు, రాయిని వేలాడదీసుకున్నట్టు. గాలి రాగానే రాయి లేస్తుంది, లేదా ముక్కే కిందికి గుంజుకుపోతుంది. లోతుకు ఐదింతల తాడు మామూలు రాత్రికి, ఏడింతలు గాలి అనుమానం ఉన్న రాత్రికి. అంటే 20 అడుగులకు 100 నుంచి 140. లంగరు దగ్గర ఆరేడు అడుగుల ఇనుప గొలుసు వేస్తే లాగుడు నేలకు పరుచుకుని వస్తుంది, కొక్కేలు మట్టిలో దిగుతాయి. 10 లేదా 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు వాడండి, అది సాగి ఊపును మింగుతుంది. నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ తాడు చవకే, కానీ చీకట్లో మోటారు రెక్కలకు చుట్టుకునేది అదే.

జూన్ మొదట్లో జలాశయాలు అడుగంటి ఉంటాయి. ఎండాకాలం నిండా నీళ్లు దిగిపోయాక మునిగిన మోడులు, గోడలు, స్తంభాలు అడుగు అడుగున్నర లోతులోకి వస్తాయి. మిడ్‌మానేరులో చింతల్‌ఠాణా, కొదురుపాక లాంటి ముంపు ఊళ్ల మీద పడవ నడిపేవాళ్లకు ఇది కొత్త కాదు. లంగరు అక్కడ పడితే మట్టిని కాదు, దూలాన్నో చెట్టు వేరునో పడుతుంది. పొద్దున రాకపోతే గుంజుతారు. పక్కకు వంగి, అంచు మీద కాలు పెట్టి, ఇద్దరూ ఒకే వైపు. వెనక తాడు కట్టడం తర్వాత మనుషులను తీసుకుపోయేది ఇదే. దానికి మందు ముందే వేసుకోవాలి: లంగరు తలకు, అంటే కొక్కేలు కలిసే చోట, రెండో సన్న తాడు కట్టి దాని కొసకు ఐదు లీటర్ల ఖాళీ డబ్బా వదలండి. ఇరుక్కుంటే ఆ సన్న తాడు పట్టి లంగరును తల వైపు నుంచి ఎత్తాలి, అసలు తాడుతో గుంజొద్దు. అయినా రాకపోతే కోసేయండి.

అసలు తాడుకు కూడా, ముక్కు రింగుకు బయటి వైపు, ఒక డబ్బా కట్టి పెట్టుకోండి. గాలి ముంచుకొస్తే ముడి విడిచేసి పోవచ్చు, డబ్బా తేలుతుంది, తెల్లారి వచ్చి లంగరు తీసుకోవచ్చు. లంగరు పోతుందని ఆగేవాళ్లే ఎక్కువ, అందుకే ఈ మాట.

గాలి లక్షణాలు

పొద్దంతా ఉక్కపోసి, రాత్రి ఎనిమిది తొమ్మిదికి ఉన్న గాలి కూడా ఆగిపోయిందంటే నమ్మొద్దు. దూరంగా ఒకే మూల మెరుపు ఆడుతుంటే ఆ మూలను గంటసేపు మరవొద్దు. చల్లటి గాలి చెంపకు తగిలిందంటే దుమారం నిమిషాల దూరంలో ఉంది, వాన ఇంకా వెనక ఉంది. వాన పడ్డాక చూద్దాం అనుకుంటే ఆలస్యమే. వాతావరణ శాఖ హెచ్చరికల్లో గంటకు 40, 50 కిలోమీటర్లు అని వింటాం. నాలుగైదు కిలోమీటర్లు అడ్డం లేని నీళ్ల మీద ఆ గాలి మోకాలెత్తు అల లేపగలదు. మెరుపు నుంచి ఉరుము దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు ఉరుము వస్తే ఒడ్డున ఉండాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా నీళ్లలోకి దిగొద్దు. పిడుగుల సంగతి చెప్పే దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. నీళ్ల మీద సిగ్నల్ లేకపోతే అదీ పనిచేయదు కాబట్టి ఎక్కేముందు ఒడ్డు మీదే చూడండి.

దుమారం వచ్చేసరికి తాడు వెనకే ఉందనుకోండి. లేచి ముందుకు నడవొద్దు, అప్పుడే బోల్తా పడుతుంది. ముడి విప్పుతూ కూర్చోవద్దు, కోయండి. పడవ అడుగున నడుమ కూలబడండి. బకెట్‌కు పదిహేను ఇరవై అడుగుల తాడు కట్టి ముక్కు రింగులోంచి ముందే సిద్ధంగా పెట్టుకుని ఉంటే దాన్ని నీళ్లలోకి విసరండి. బకెట్ నీళ్లు పట్టి ఈడుస్తుంది, ముక్కు గాలికి తిరుగుతుంది. పడవ కొట్టుకుపోయి ఏదో ఒక ఒడ్డు ఎక్కుతుంది. ఎవరి ఒడ్డైతే ఏంటి.

ఇక మిగిలినవి వరసగా:

లైఫ్ జాకెట్ తలకింద దిండు కాదు. తొడుక్కుని, బకిల్స్ పెట్టి, విజిల్ దానికి కట్టి పడుకోవాలి.

ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకోవాలి. ఒంటరిగా పోవద్దు.

వల తాడు చేతికి, కాలికి, నడుముకు కట్టుకోవద్దు. పెద్ద బొచ్చె పడితే తెలుస్తుందని కట్టుకుంటారు. పడవ తిరగబడ్డప్పుడు ఆ తాడే కిందికి పట్టి ఉంచుతుంది.

అంచు మీద నిలబడి ఒంటికి పోవద్దు. పైన కోసిన డబ్బా పెట్టుకోండి. సిగ్గుపడే విషయం కాదు, రాత్రిపూట చాలామంది నీళ్లలో పడేది ఆ ఒక్క నిమిషంలోనే.

కల్లు, మందు ఒడ్డుకు వచ్చాకే.

కత్తి ఒరలో, నడుముకు. సంచిలో అడుగున కాదు.

లుంగీ వద్దు. గమ్ బూట్లు వద్దు.

థర్మాకోల్ తెప్ప మీద దోమల బత్తి, పొయ్యి, బీడీ ఏదీ వద్దు. థర్మాకోల్ అంటుకుంటే ఆర్పే లోపు తెప్ప ఉండదు.

అన్ని వైపులా కనిపించే తెల్ల లైటు కర్ర మీద ఎత్తుగా. వంగిన తల మీది టార్చి పక్క పడవకు కనిపించదు.

తాడు వెనక కట్టొద్దు. "ఇయ్యాల గాలి లేదు గదా" అన్నా కట్టొద్దు.

ఎండిన మోడుకు పడవను బిగించి కట్టొద్దు. పొట్టి తాడు, గాలి, మోడు మూడూ కలిస్తే అంచు పగులుతుంది.

డ్యాం గేట్ల కింద నది మడుగుల్లో రాత్రి లంగరు వేయొద్దు. ఎగువన ఎక్కడ వాన పడిందో మీకు తెలియదు. 18 గేట్ల కడెం ప్రాజెక్టుకు 2022 జూలైలో గేట్లు పట్టలేనంత వరద వచ్చింది, మరుసటి ఏడు జూలైలో కొన్ని గేట్లు లేవనే లేదు. జూన్‌లో అంత రాకపోవచ్చు, మడుగులో పడవ మునగడానికి అందులో పదో వంతు చాలు.

మంథని దగ్గర శివారం మడుగుల్లోనూ పాకాలలోనూ మొసళ్లు ఉన్నాయి, రెండూ అభయారణ్యాలు. అక్కడ రాత్రి వేట అసలే వద్దు. పక్క నీళ్లలో ఉన్నా కాళ్లు వేలాడేసి కూర్చోవద్దు.

బోల్తా పడితే పడవను వదలొద్దు. ఒడ్డు మీద లైటు దగ్గరగా కనిపిస్తుంది, రాత్రి నీళ్ల మీద దూరం మోసం చేస్తుంది. ఈత బాగా వచ్చినవాడే వదిలి పోతాడు, దొరకనిదీ అతనే. తిరగబడ్డ పడవ అంచు పట్టుకుని విజిల్ ఊదుతూ ఉండాలి.

నీళ్లు దిగిన ఒడ్డున బురద మోకాళ్ల దాకా ఉంటుంది. దిగే చోటు పగలే చూసి కర్ర పాతి గుర్తు పెట్టుకోండి.

ఫోన్ జిప్ కవర్‌లో, మెడలో. 112 అందరికీ తెలిసి ఉండాలి, వెంట వచ్చిన పిల్లగాడితో సహా.

ఏ కట్ట మీది నుంచి ఎక్కారు, ఏ వైపు పోతున్నారు, ఎన్నింటికి వస్తారు, ఈ మూడూ ఇంట్లో చెప్పి పోవాలి. "చెరువుకు పోతున్న" అంటే సరిపోదు, ఎల్లంపల్లి వెనక నీళ్లు కిలోమీటర్ల పొడవు ఉంటాయి.

చెప్పిన టైముకు ఒడ్డు చేరితే ఇంటికి ఫోన్ చేయండి. చేపలు తూకం వేశాక కాదు, పడవ దిగగానే.