యాభైలోనే కాళ్లకు బలం కూడబెట్టుకోండి

నేను ఫిజియోథెరపిస్టును. మోకాళ్ల నొప్పులని వచ్చేవాళ్లు ముందుగా ఎక్స్‌రే చేతికిస్తారు. దాన్ని పక్కన పెట్టి, "చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి" అంటాను. వెంటనే అరచేతులు తొడల మీదికి వెళ్తాయి. "రోజూ గంటసేపు వాకింగ్ చేస్తానండీ!" అని నొచ్చుకుంటారు కూడా.

వాకింగ్ గుండెకూ షుగరుకూ మంచిదే, మానకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయమంటుంది. వారంలో 2 రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని కూడా అంటుంది. ఆ రెండో మాటే ఎవరి చెవికీ ఎక్కదు.

దానికి జిమ్ అక్కర్లేదు. చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, జాగ్రత్త. అంచుకు జరిగి కూర్చుని, పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి లాక్కోండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవండి. మోకాళ్లు లోపలికి వాలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. అసలు పని కూర్చునేటప్పుడు ఉంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగండి, కూలబడకండి. పదేసి చొప్పున రెండు విడతలు, రోజు విడిచి రోజు. తేలికైపోతే రెండు కిలోల బియ్యం సంచి గుండెలకు హత్తుకుని చేయండి.

మర్నాడు తొడలు పట్టేస్తే భయం లేదు. కీలు లోపల నొప్పి వస్తే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. మోకాలు వాచినా, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకోండి.

30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో నెలకోసారి చూసుకోండి. 60-64 ఏళ్ల ఆడవాళ్లు 12 సార్లు, మగవాళ్లు 14 సార్లు లేవలేకపోతే సగటుకన్నా తక్కువని లెక్క. యాభైలో ఉన్న మీరు ఆ అంకె దాటాలి.

ఒంటికాలి మీద నిలబడటమూ అలవాటు చేసుకోండి. పళ్లు తోముకుంటూ చేయమని కొందరు చెబుతారు. తడి బాత్‌రూములో ఆ సాహసం నాకు నచ్చదు. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడు, గోడ పక్కన, ఒక్కో కాలి మీద 10 సెకన్లు చాలు.

ఇక తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరే. పప్పుచారులో పప్పు గింజ వెతుక్కునే ఇళ్లలో ఈ లెక్క తేలదు. ముద్దపప్పు, శనగలు, పెరుగు, గుడ్డు, చేప, ఏది తింటే అది పూటపూటకీ కంచంలో పడాలి.