చెవిలో నాడి చప్పుడు: నాకు ఎలా తగ్గింది

కుడి చెవి దిండుకు ఆనించగానే ధబ్ ధబ్‌మని చప్పుడు. మణికట్టు పట్టుకుని చూస్తే నాడితో సరిగ్గా కలిసింది. ఈఎన్‌టీ డాక్టరుకు బాగా పనికొచ్చింది ఈ సంగతే. గుయ్‌మని ఆగకుండా మోగేది వేరు, నాడితోపాటు కొట్టుకునేది వేరు. రెండోదైతే ముందు రక్తప్రవాహం సంగతి చూడాలట. గులిమి లేదు, వినికిడి పరీక్ష బాగుంది, మెడ రక్తనాళాల స్కానింగ్‌లోనూ ఏమీ తేలలేదు. బీపీ మాత్రం 160/100.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కాక్లియాకు రక్తం తెచ్చేది ఒక్క సన్నని ధమని. అది మూసుకుపోతే ఆదుకోవడానికి పక్కదారి లేదు. అందుకే ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. నాది అంతదాకా పోలేదు.

డాక్టరు రాసిన మాత్ర రోజూ వేసుకున్నాను. అప్పడాలు, ఊరగాయలు మానేశాను (ఆవకాయ లేని ముద్దపప్పు, చప్పుడుకన్నా పెద్ద శిక్ష!). బీపీ 130/80 దగ్గర కుదురుకున్నాక చప్పుడు క్రమంగా సన్నగిల్లింది. త్వరగా తగ్గాలని మాత్రలు సొంతంగా పెంచకండి. బీపీ మరీ పడిపోయినా లోపలి చెవికి రక్తం చాలదు.