వానలు దిగకముందే కిల్న్ సంగతి చూసుకోండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు జూన్ సగానికి ముసురు పట్టుకుంటుంది. అక్కణ్నుంచి దీపావళి ప్రమిదల ఆర్డర్లు తీరేదాకా ఏది పగిలినా మనం కిల్న్‌నే, అంటే కుండలు కాల్చే కరెంటు బట్టీనే, తిడతాం. చాలాసార్లు అసలు దోషి తడి.

కుండని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అడుగు మందంగా ఉన్న గిన్నెలు, చెవులు అతికించిన కప్పులు ముసురులో వారమైనా ఆరవు. తొందరపడి పెడితే వంద డిగ్రీలు దాటగానే లోపలి నీరు ఆవిరై కుండని పేల్చేస్తుంది, ఆ పెంకులు పక్క వాటి మీద కూడా పడతాయి. 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆపండి. పై రంధ్రం మూయకండి. గ్లవ్ వేసుకుని ఆ రంధ్రం దగ్గర చిన్న అద్దం ఒక్క క్షణం పట్టండి. మసకేస్తే ఆవిరి ఇంకా వస్తోందని లెక్క. అద్దం తేటగా ఉన్నాకే వేడి పెంచండి. నెలల తరబడి వాడని కిల్న్ అయితే ఇటుకలూ తేమ పీల్చి ఉంటాయి, ముందు ఒకసారి ఖాళీగా, నిదానంగా కాల్చండి.

ఇక కరెంటు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా కుదిపిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తుపాను కబురు వినబడితే ఆ వారం గ్లేజ్ (కుండ మీద గాజులా కరిగే పూత) కాల్పు పెట్టకండి. మధ్యలో కరెంటు పోతే మెయిన్ ఆపేయండి, తిరిగొచ్చేటప్పుడు వోల్టేజ్ ఎగిరి కంట్రోలర్ పోవచ్చు. ఏమైందోనన్న టెన్షన్‌తో మూత మాత్రం తీయకండి. సగం కరిగిన గ్లేజ్‌ని తర్వాత మళ్లీ కాల్చుకోవచ్చు. చల్లగాలి తగిలితే 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, పళ్లేలు నిలువునా చీలతాయి. ఎర్తింగ్, వదులైన వైర్లు ఎలక్ట్రీషియన్‌తో ఇప్పుడే చూపించుకోండి. రేకుల కప్పు కారుతుంటే కిల్న్ కన్నా ముందు దాని సంగతి చూడండి.

బిస్క్ కుండ (గ్లేజ్ వేయకముందు ఒకసారి కాల్చినది) తేమగా ఉంటే గ్లేజ్‌ని సరిగ్గా పీల్చుకోదు. దుమ్ము, చేతి జిడ్డు ఉన్నచోట గ్లేజ్ ముడుచుకుని మట్టి బయటపడుతుంది, కాబట్టి ముంచే ముందు తడి స్పాంజితో తుడిచి బాగా ఆరనివ్వండి. అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల మేర గ్లేజ్ తీసేయండి. కారిన గ్లేజ్ అతుక్కుపోకుండా కిల్న్ లోపలి షెల్ఫ్‌కి అల్యూమినా హైడ్రేట్ పొడి, చైనా క్లే (తెల్లమట్టి) సగం సగం కలిపిన పూత వేయండి. కొత్త గ్లేజ్ అయితే ముందు నిలువుగా నిలబెట్టిన పలక మీద చూసుకోండి, ఎంత దూరం కారుతుందో తెలుస్తుంది. కారి అతుక్కున్నదాన్ని ఉలితో కొట్టేటప్పుడు కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి, ఆ ముక్కలు గాజు పెంకులే. జాడీలకీ తినే గిన్నెలకీ సీసం గ్లేజ్ ఎంత చవగ్గా దొరికినా వద్దు. ఆవకాయ, చింతపండు పులుసు సీసాన్ని బయటికి లాగుతాయి.

ఆర్డర్ ఒప్పుకునేటప్పుడు ఆరడానికి ఒక వారం అదనంగా కలిపి చెప్పండి. బరంపురం వ్యాపారి గొణుగుతాడు. గొణగనివ్వండి.