ప్రార్థన చేసి లేచినా టెన్షన్ తగ్గకపోతే

మోకాళ్ల మీద అరగంట ఉండి లేచాక కూడా గుండె దడ తగ్గకపోతే చాలామంది అనుకునేది ఒకటే, నాకు విశ్వాసం చాలడం లేదు అని. విశ్వాసం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ అరగంటలో ఏం మాట్లాడారో గుర్తు తెచ్చుకోండి. అమ్మ బయాప్సీ రిపోర్టు శుక్రవారం వస్తుందనుకుందాం. "ప్రభువా, అది క్యాన్సరే అయితే ఎలా ప్రభువా, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ప్రభువా, వర్తించకపోతే అప్పు ఎవరిస్తారు ప్రభువా, తమ్ముడు చూస్తే పట్టించుకోడు ప్రభువా..." వినడానికి ప్రార్థనలాగే ఉంటుంది. కానీ రాత్రి పడుకుని బుర్రలో తిప్పుకునే ఆలోచనలకే మధ్యమధ్యలో ప్రభువా అని తగిలించాం. ఇందులో అడిగింది లేదు, అప్పగించింది లేదు. ఇక దడ పెరగక ఏం చేస్తుంది?

ఫిలిప్పీయులకు 4:6 మన ఇళ్లలో క్యాలెండర్ మీదో వాగ్దానం కార్డు మీదో కనిపిస్తూనే ఉంటుంది. "దేనినిగూర్చియు చింతపడకుడి" దగ్గరే ఆగిపోతే అది మందలింపులా వినబడి, టెన్షన్ పడుతున్నందుకు మళ్లీ ఇంకో టెన్షన్ మొదలవుతుంది. ఆ తర్వాతి మాటల్లో చేయాల్సిన పని ఉంది: "ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి." ఈ పత్రిక రాసే సమయానికి అపొస్తలుడైన పౌలు బంధకాల్లో, అంటే జైల్లో ఉన్నాడు. పైగా సంఘాలన్నిటి గురించిన చింత రోజూ తన మీద భారంగా ఉందని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఆయనే ఒప్పుకున్నాడు. అంటే దిగులు ఎలా ఉంటుందో తెలియకుండా చెప్పిన మాట కాదిది.

సరే, ఎలా చేయాలి? ఒక నోటుబుక్ తీసుకుని భయం ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. "భవిష్యత్తు గురించి భయం" అని రాస్తే లాభం లేదు, అది పొగలాంటిది, చేతికి చిక్కదు. "శుక్రవారం అమ్మ రిపోర్టు చెడుగా వస్తుందేమో" అని రాయండి. దాని కింద దేవుణ్ని ఏం అడుగుతున్నారో రాయండి, ఆ కింద ఈ రోజు మీరు చేయగలిగిన పని ఏదైనా ఉంటే అది. ఆరోగ్యశ్రీ గురించి ఆసుపత్రిలో కనుక్కోవడం ఇవాళ చేయగల పని, శనివారం ఏమవుతుందో అని కూర్చోవడం మాత్రం కాదు. "ఏనాటి కీడు ఆనాటికి చాలును" అని మత్తయి 6:34లో ఉన్నది దీని గురించే. ఇక అడగడం. పెద్ద మాటలేం అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు:

"తండ్రీ, శుక్రవారం అమ్మ రిపోర్టు వస్తుంది. మామూలు గడ్డే అని రావాలని అడుగుతున్నాను. అలా రాకపోతే అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియదు, ఆ మాట నువ్వే ఇవ్వు. డబ్బు సంగతి ఇవాళ నా చేతిలో లేదు, నీకు అప్పగిస్తున్నాను. పొద్దున అమ్మ రెండు ఇడ్లీలు తిన్నది, అందుకు నీకు వందనాలు. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్."

రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ ఇడ్లీల మాట మాత్రం వదిలేయకండి. "అన్నిటికీ స్తోత్రం" అని గబగబా అనేయడం తేలికే గానీ అలా అంటే మనసు ఎక్కడా ఆగదు, ఈ రోజు కళ్లారా చూసిన ఒక చిన్న మేలు చెబితే ఆగుతుంది. ఆ గడ్డ వచ్చినందుకు కూడా స్తోత్రం చెప్పాలని ఎవరైనా అంటే, అంత మాట మీ నోటికి రాకపోయినా పర్వాలేదు.

పది నిమిషాలకే భయం మళ్లీ వస్తుంది. రానివ్వండి, మళ్లీ అదే అడగండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు అదే మాట మూడుసార్లు ప్రార్థించాడు, ఆయన చెమట రక్తబిందువుల్లా పడిందని లూకా రాశాడు. ఆయనకే విశ్వాసం చాలలేదని ఎవరూ అనరు కదా.

కొన్ని రోజులు అడగడానికి కూడా మాటలు రావు. అలాంటప్పుడు విజయ వాక్యాలు వెతికి వెతికి చదవకండి, 13వ కీర్తన తీయండి, "ఎన్నాళ్లవరకు" అని నిలదీస్తూనే మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చివరికి కూడా తేరుకోదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ ముగుస్తుంది. అది కూడా బైబిల్లోనే ఉంది, దేవుడితో అలా కూడా మాట్లాడొచ్చు.

రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చిందా, ఫోన్ ముట్టుకోకండి. వాక్యం చూద్దామని తీస్తాం, వాట్సాప్‌లో తేలతాం, అక్కడి నుంచి గూగుల్‌లో ఆ జబ్బు లక్షణాలు. దాని బదులు కీర్తన 56:3 ఊపిరితో కలిపి అనుకోండి. లోపలికి పీల్చేటప్పుడు "నాకు భయము సంభవించు దినమున", వదిలేటప్పుడు మెల్లగా "నిన్ను ఆశ్రయించుచున్నాను". వదలడం పీల్చడం కంటే నిదానంగా ఉంటే శరీరం కూడా కాస్త సడలుతుంది. జపమాల అలవాటున్న కథోలికులకు ఒకే మాట మళ్లీ మళ్లీ అనుకోవడం కొత్తేమీ కాదు.

శరీరం అన్నాను కాబట్టి ఏలీయా ప్రవక్త సంగతి. యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నవాడికి దేవదూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. నిమ్మళంగా మాట్లాడే స్వరం వినబడింది ఆ తర్వాతే. నిద్ర లేకుండా, టీల మీద టీలు తాగుతూ ఉపవాస ప్రార్థనకు కూర్చుంటే వచ్చే దడ అంతా ఆత్మ సంబంధమైనదే అనుకోనక్కర్లేదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఉపవాసం ఉండొద్దు. షుగర్ పడిపోయినా చెమటలు, వణుకు, దడ అచ్చం ఇలాగే వస్తాయి.

ప్రార్థన మనవి ఎవరికి చెబుతున్నారో కూడా చూసుకోండి. సంఘం గ్రూపులో పెడితే ఆమేన్‌లు బోలెడు వస్తాయి, సాయంత్రానికి మీ అమ్మ గడ్డ సంగతి వీధంతా పాకుతుంది. నోరు జారని ఒక్క అక్కో, పాస్టరమ్మ గారో చాలు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసే మనిషైతే మరీ మంచిది.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఉన్నట్టుండి ఊపిరాడనట్టు అయి ప్రాణం పోతుందేమో అనిపిస్తున్నా, వంటా ఉద్యోగం ఏదీ సాగకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, గుండె కూడా చూపించుకోండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిచ్చి డాక్టర్ దగ్గరికి విశ్వాసులు వెళ్తారా అని ఎవరైనా అంటే, పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే అని చెప్పండి. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచింది లూథరన్ మిషన్ తరఫునే. డాక్టర్ ఇచ్చిన మందులు వాడుతూ ప్రార్థన చేయండి. స్వస్థత సభలో బాగుందనిపించిందని ఇంటికొచ్చి మాత్రలు మీ అంతట మీరే ఆపేయకండి, కొన్నింటిని ఒక్కసారిగా మానేస్తే ఉన్న ఆందోళన రెట్టింపవుతుంది. తగ్గిందనిపిస్తే ఆ మాటే డాక్టర్‌కి చెప్పండి, తగ్గించాలో ఆపాలో ఆయన చూస్తారు.