ట్యాంకు నిండగానే మోగే రీడ్ స్విచ్ అలారం ఎలా చేసుకోవాలి?

మిర్యాలగూడలో మా వీధిలో పొద్దున్నే మోటార్లు వేశారంటే ఏదో ఒక డాబా మీది నుంచి నీళ్లు ధార కడుతూనే ఉంటాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా మనది. ఇక్కడ కృష్ణా నీళ్లు మోరీ పాలవుతుంటే నాకు ప్రాణం ఒప్పదు.

కావలసినవి: రీడ్ స్విచ్, అరంగుళం పీవీసీ పైపు, ఒక ఎండ్ క్యాపు, పైపు మీద వదులుగా జారేంత రంధ్రం ఉన్న రింగు మాగ్నెట్ (పాత స్పీకర్లలో దొరుకుతుంది), థర్మకోల్, 9 వోల్టుల బ్యాటరీ, బజర్, వైరు.

రెండు తీగలు నీళ్లలో ముంచే సెన్సర్ చాలదా అని అడుగుతారు. చాలదు. మన బోరు నీళ్లకు ఆ తీగల మీద తెల్లగా పొర కడుతుంది, కరెంటు పారేకొద్దీ తీగే తినేసుకుపోతుంది. రీడ్ స్విచ్‌కు నీటి చుక్క తగలదు. గాజు గొట్టంలో రెండు సన్నని నికెల్-ఇనుము రేకులు ఎడంగా ఉంటాయి. మాగ్నెట్ దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరం జరిగితే విడిపోతాయి. ఈ స్విచ్ మూసిన పైపు లోపల నిలువుగా ఉంటుంది. మాగ్నెట్ పైపు బయట నీళ్లతో పాటు తేలుతూ పైకొచ్చి దాన్ని కలుపుతుంది, బజర్ మోగుతుంది.

అందరూ చెడగొట్టేది కాలు, అంటే గాజు గొట్టం రెండు చివర్ల నుంచి బయటికొచ్చే తీగ, వంచే దగ్గరే. రెండు వైర్లూ పైకి రావాలంటే కింది కాలు మడవాలి. చేత్తో పట్టుకొని వంచితే బలమంతా గాజు మీద పడి, కాలు లోపలికి దిగే చోట వెంట్రుకంత చీలిక వస్తుంది. అది కంటికి కనపడదు. మల్టీమీటరు పెడితే బీప్ అనే అంటుంది. ఆ చీలికలోంచి మెల్లగా చెమ్మ చేరి రేకులు నల్లబడతాయి. నేను బిగించిన ఒకటి ఇలాగే ఇరవై రోజులు మోగి, ఆ తర్వాత మూగబోయింది.

అందుకే నోస్ ప్లయర్‌తో గాజుకు ఆనుకొని ఉన్న కాలి భాగాన్ని గట్టిగా పట్టండి. గాజును మాత్రం పట్టొద్దు. గాజు నుంచి మూడు మిల్లీమీటర్లు వదిలి, ప్లయర్‌కు అవతలి భాగాన్ని వేలితో నెమ్మదిగా మడవండి. సోల్డరింగ్ చేసేటప్పుడూ ప్లయర్ తీయొద్దు, వేడిని అదే లాగేస్తుంది. మూడు సెకన్లలో ముగించండి. పొడవెక్కువైందని కాళ్లు కత్తిరించొద్దు. మాగ్నెట్ బలాన్ని రేకులకు చేర్చేవి ఆ కాళ్లే, పొట్టివైతే స్విచ్ మొద్దుబారుతుంది. మడిచిన కాలికి స్లీవ్ (కరెంటు తగలకుండా వేసే ప్లాస్టిక్ తొడుగు) తొడగండి.

ఇక మిగిలింది సులువే. పైపు అడుగున క్యాపును సొల్యూషన్‌తో అతికించండి. ఓవర్‌ఫ్లోకు నాలుగు అంగుళాల కిందికి వచ్చేలా స్విచ్‌ను లోపల నిలిపి, సిలికాన్ పెట్టండి. ఎపాక్సీ వద్దు, గట్టిపడ్డాక గాజును నొక్కుతుంది. మాగ్నెట్‌కు థర్మకోల్ చుట్టి, బకెట్ నీళ్లలో తేలుతుందో లేదో చూశాకే పైపుకు తొడగండి. బ్యాటరీ, స్విచ్, బజర్ ఒకే వరసలో కలపండి.

మాగ్నెట్‌ను చేత్తో పైకీ కిందికీ జరిపి చూడండి. ఒకచోట కాక రెండు మూడు చోట్ల మోగవచ్చు, అది దాని స్వభావం. గట్టిగా మోగుతూ నిలిచే చోటికి కాస్త పైన పైపుకు ఒక అడ్డు బిగిస్తే ఫ్లోటు అక్కడే ఆగుతుంది.

మోటారు వైరును మాత్రం ఈ స్విచ్‌కు నేరుగా కలపొద్దు. అంత కరెంటుకు రేకులు అతుక్కుపోయి మళ్లీ విడిపోవు.